చెన్నై వానలకు ముందు పాత జపాన్ బండికి జాగ్రత్తలు

మన ఊళ్లలో వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో చెన్నైకి అసలు వానాకాలం మొదలవుతుంది. అక్టోబర్ మూడో వారం ప్రాంతంలో దిగే ఈశాన్య రుతుపవనాలు డిసెంబర్ దాకా వదలవు. ఏడాది వానలో సగానికి పైగా ఈ కొద్ది నెలల్లోనే పడుతుంది. అదీ రోజుకింత అని కాదు, వాయుగుండం పట్టినప్పుడల్లా కుండపోతే. 2015 డిసెంబర్ 1న అడయారు నది పొంగినప్పుడూ, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానప్పుడూ ఊళ్లో పల్లపు వీధుల్లో బండ్లు సీటు దాకా మునిగాయి. కొత్త స్కూటర్ మునిగితే షోరూము వాళ్లకు అప్పజెప్పి ఇన్సూరెన్స్ కాగితాల మీద సంతకం పెట్టి రావచ్చు. యమహా ఆర్ఎక్స్ 100కో, రాజ్‌దూత్ 350కో ఆ దారి లేదు.

ఆర్ఎక్స్ 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. యమహా ఆర్‌డీ 350 డిజైన్‌తో ఎస్కార్ట్స్ కంపెనీ చేసిన రాజ్‌దూత్ 350 కథ ఎనభైలతోనే దాదాపు ముగిసింది. క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) పాడైతే పుదుపేటలో విప్పిన బండ్ల కుప్పల్లో వెతుక్కోవాలి, లేదా పాత స్టాకు దాచుకున్నవాళ్లు అడిగినంత ఇచ్చుకోవాలి. హోసూరులో తయారైన పాత సుజుకీ 100లకు, బజాజ్ కవాసకీ కేబీ 100కు కూడా ఇదే తిప్పలు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఈ టూస్ట్రోకుల గురించే. హీరో హోండా సీడీ 100 లాంటి ఫోర్‌స్ట్రోక్ ఉన్నవాళ్లు 2టి ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోల్‌తో పాటు మండే ఆయిల్) సంగతులు వదిలేసి మిగతావి తీసుకోండి.

నా లెక్కలో నీళ్లు దూరడం వల్ల పాడయ్యే ఇంజన్లు తక్కువ. నీళ్లు దూరాక తొందరపడి కిక్ కొట్టడం వల్ల, కొట్టినా రాలేదని వారం రోజులు అలాగే వదిలేయడం వల్ల పాడయ్యేవే ఎక్కువ. అందుకే ఈ జాగ్రత్తల్లో సగం బండికి, సగం మనకు.

సెప్టెంబర్‌లోనే చూసుకోవాల్సినవి

మొదట రబ్బరు. కార్బొరేటర్‌కూ బ్యారెల్‌కూ (సిలిండర్ దిమ్మకూ) మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డ్ ముప్పై ఏళ్ల వేడికి సన్నగా పగులుతుంది. పైకి చూస్తే కనపడదు, వేలితో వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి. ఆ పగులు నుంచి గాలి లాగితే పెట్రోల్ పాళ్లు తగ్గి ఇంజన్ వేడెక్కి సీజ్ అవుతుంది, అంటే పిస్టన్ బిగుసుకుపోతుంది. వానలో అయితే గాలితో పాటు నీటి తుంపర కూడా లోపలికి పోతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా మానిఫోల్డ్ చుట్టూ సబ్బు నీళ్లు కొంచెం చిలకరించండి. శబ్దం మారితే పగులు ఉన్నట్టే. కొందరు దీనికి కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి సైలెన్సర్ పక్కన మండే ద్రవం ఎందుకు, సబ్బు నీళ్లు చాలు. పెట్రోల్ ట్యూబు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత రబ్బరు, ప్లగ్ క్యాప్ రబ్బరు కూడా ఇప్పుడే మార్చేయండి. వాన పడుతుండగా ఇవి వెతుక్కుంటూ స్పేర్ పార్టుల షాపులుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

పెట్రోల్ ట్యూబు మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20. ఈ బండ్లు పుట్టినప్పుడు అలాంటి పెట్రోల్ లేదు. అది పాత రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. చెన్నై నవంబర్ గాలిలో తేమకు కొదవా? వానాకాలంలో వారానికోసారైనా బండి తీసేవాళ్లు ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగా తక్కువైతే లోపల చెమ్మ పట్టడం, తుప్పు పట్టడం తగ్గుతుంది. మూడు నెలలు బండి కదపని వాళ్లు మాత్రం సగం సగం పనులు చేయొద్దు. ట్యాంకు, కార్బొరేటర్ రెండూ పూర్తిగా ఖాళీ చేసి, ట్యాంకులో కొంచెం 2టి ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పి ఉంచండి. తీసిన పెట్రోల్‌ను ఇంట్లో క్యాన్‌లో దాచకండి, ఇంకో బండిలో పోసేయండి.

వైరింగ్ దగ్గర ఆర్ఎక్స్ వాళ్లకూ రాజ్‌దూత్ వాళ్లకూ టెన్షన్ ఒకటి కాదు. ఆర్ఎక్స్‌ది మాగ్నెటో (ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించేది) మీద నడిచే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. బ్యాటరీ చచ్చినా బండి స్టార్టవుతుంది. రాజ్‌దూత్ 350కి రెండు జతల పాయింట్లు (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించడానికి తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చులు), వాటికి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. బ్యాటరీ బలహీనపడితే, ఫ్యూజు డబ్బాలో చెమ్మ పడితే, పాయింట్ల మీద తడి చేరితే నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. పాయింట్లు శుభ్రం చేసి గ్యాప్ 0.35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి, పాయింట్ల మూత గాస్కెట్ కొత్తది వేయండి. రెండు బండ్లలోనూ హెడ్‌లైట్ డోము విప్పి చూడండి. కనెక్టర్లు చాలావరకు అందులోనే ఉంటాయి, పాత మెకానిక్కులు చుట్టిన ఇన్సులేషన్ టేపు జిగురు కారుతూ వేలాడుతుంటుంది. ఆ టేపు పీకేసి, వైర్లు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. కనెక్టర్లలో సిలికాన్ గ్రీజు కొంచెం పూస్తే చాలు, ముద్దలు పెట్టక్కర్లేదు.

ఈ మూతలు విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ సంగతి చూసుకోండి. జపాన్ బండ్ల స్క్రూల తలలు చూడటానికి ఫిలిప్స్‌లాగే ఉంటాయి కానీ అవి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పితే జారి తల అరిగిపోతుంది. మాగ్నెటో కవర్ మీద గుండ్రంగా అరిగిన స్క్రూలు కనిపించాయంటే ఆ బండి ఎన్ని చేతులు మారిందో అర్థమైపోతుంది. జేఐఎస్ బిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పెద్ద ఖర్చేం కాదు.

టైర్ల విషయంలో గాడి లోతు ఒక్కటే చూసి మోసపోకండి. ఎప్పుడో ఆదివారాలు మాత్రమే తిరిగే బండికి గాడి అరగదు, రబ్బరు మాత్రం గట్టిపడుతుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి: 3216 అని ఉంటే 2016లో 32వ వారం తయారైందని. అలాంటి టైరు తడి రోడ్డు మీద పనికిరాదు. ఆర్ఎక్స్‌కు ముందు 2.50-18, వెనక 2.75-18. సైజు మామూలుదే, దొరుకుతుంది.

2టి ఆయిల్ ట్యాంకు మూత సరిగ్గా బిగుస్తోందా లేదా అన్నది చాలామంది చూడరు. నీళ్లు ఆయిల్ కన్నా బరువు. మూతలోంచి చెంచాడు నీళ్లు దిగినా అవి అడుక్కే పోతాయి, పంపుకు ఆయిల్ వెళ్లే ట్యూబు కూడా అడుగునే ఉంటుంది. అంటే 2టి ఆయిల్‌ను ఇంజన్‌కు పంపే ఆటోల్యూబ్ పంపు ముందు తాగేది నీళ్లే.

రేపు తుపాను అన్నప్పుడు

బండిని ఎత్తైన చోటికి చేర్చడం అన్నిటికన్నా ముఖ్యం. 2024 అక్టోబర్‌లో భారీ వాన హెచ్చరిక రాగానే జనం కార్లు తీసుకెళ్లి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేశారు. కొందరు నవ్వుకున్నారు కానీ నాకు అందులో తప్పేం కనపడలేదు. ఆర్ఎక్స్ బరువు దాదాపు వంద కిలోలే. నలుగురు కుర్రాళ్లుంటే మెట్ల మీద మొదటి అంతస్తు వరండాకు ఎక్కించేయొచ్చు. ఎక్కించే ముందు ట్యాంకు ఖాళీ చేయండి, బ్యాటరీ తీసేయండి. ఇంట్లో పెట్రోల్ వాసన వస్తుంటే దీపం వెలిగించడం గానీ, బండి అక్కడే స్టార్ట్ చేసి చూడటం గానీ వద్దు.

ఎక్కించే వీలు లేదనుకోండి. ఫోర్‌స్ట్రోక్‌లో సైలెన్సర్‌కూ సిలిండర్‌కూ మధ్య వాల్వు ఉంటుంది. టూస్ట్రోక్‌లో అది లేదు, బ్యారెల్ గోడకు ఉన్న రంధ్రమే ఎగ్జాస్ట్. పిస్టన్ కింద ఉంటే సైలెన్సర్‌లోకి వచ్చిన నీళ్లు నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. అందుకని ఆర్ఎక్స్‌ను న్యూట్రల్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆపేసి, కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. గట్టిగా తగిలి కొంచెం ముందుకు వెళ్లిన చోట ఆపేయండి. అప్పుడు పిస్టన్ పైన ఉంటుంది, దాని గోడే ఎగ్జాస్ట్ పోర్టును మూసేస్తుంది. రాజ్‌దూత్ 350తో ఈ చిట్కా కుదరదు. దాని రెండు పిస్టన్లలో ఒకటి పైకి వస్తే ఇంకొకటి కిందికి పోతుంది. కాబట్టి ఏ బండికైనా సైలెన్సర్ మూతికి మందపాటి పాలిథిన్ కవరు వేసి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించండి, ఎయిర్ ఫిల్టర్ నోటికీ అంతే. హ్యాండిల్‌కు ఒక చీటీ కట్టండి, ఇవి తీయకుండా ఎవరూ కిక్ కొట్టకుండా.

బండి ఒంటికి నీళ్లు కారని ప్లాస్టిక్ కవరు బిగించి కప్పేయడం నాకు నచ్చదు. కింద నుంచి లేచే చెమ్మ బయటికి పోలేక క్రోము మీదే కూర్చుంటుంది. పాత కాటన్ దుప్పటి, దాని మీద వదులుగా టార్పాలిన్ మేలు.

నీళ్లలో నడపాల్సి వస్తే

వీలైతే నడపకండి. దురైసామి సబ్‌వేలో (రైలు పట్టాల కింది రోడ్డులో) నీళ్లు నిలిచాయంటే చుట్టూ తిరిగి పోవడమే, ముందు వెళ్లినవాడు దాటాడని మనం దిగకూడదు. వేడి ఇంజన్‌ను ఒక్కసారిగా నీళ్లలోకి దించితే బ్యారెల్ చల్లబడి ముడుచుకుంటుంది, లోపల పిస్టన్ మాత్రం ఇంకా వేడిగా ఉబ్బి ఉంటుంది. దిగక తప్పకపోతే పక్కన ఆపి కాసేపు చల్లారనివ్వండి. మళ్లీ స్టార్ట్ చేసి ఫస్ట్ గేరులోనే, యాక్సిలరేటర్ వదలకుండా, నెమ్మదిగా పోండి. ఎదురుగా ఎంటీసీ సిటీ బస్సు వస్తుంటే ఆగి దాన్ని పోనివ్వండి. రోడ్డు మీద నీళ్లు చీలమండ లోతే ఉన్నా బస్సు లేపే అల కార్బొరేటర్ దాకా వస్తుంది. వీధి మూలల్లో ఉండే కరెంటు పిల్లర్ బాక్సుల పక్కన నీళ్లలో బండి తోసుకుంటూ వెళ్లొద్దు. బండి పోతే బండే.

బయటపడ్డాక బ్రేకులు ఉన్నాయని అనుకోకండి. రాజ్‌దూత్‌కు ముందు కూడా డ్రమ్మే, తడిస్తే రెండూ పట్టవు. కొంతదూరం మెల్లగా పోతూ బ్రేకు కొంచెం నొక్కి ఉంచితే లైనర్లు ఆరతాయి.

మునిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రతి ఏడూ ఎవరో ఒక కుర్రాడు ఫోన్ చేస్తాడు. “అన్నా, బండి రాత్రంతా నీళ్లలోనే ఉంది, పొద్దున్నుంచి కొడుతున్నా స్టార్ట్ కావట్లేదు” అని. నా మొదటి మాట, “ముందు కిక్ కొట్టడం ఆపు తమ్ముడూ.” నీళ్లు గాలిలాగా నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా గట్టిగా కిక్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అదృష్టం బాగుండి వంగకపోయినా, బురద నీళ్లు బేరింగుల్లో రుబ్బుకుపోతాయి.

తాళం తిప్పకుండా ముందు బ్యాటరీ తీగలు ఊడదీయండి. పెట్రోల్ కాక్ మూసేయండి. ప్లగ్ తీయండి, సైలెన్సర్ కూడా విప్పేయండి. బండిని ముందు వైపు ఎత్తి నీళ్లు కారిస్తే చాలనుకుంటారు కానీ లోపలి మడతల్లో నీళ్లు మిగిలిపోతాయి. ప్లగ్ లేకుండా కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కుతూ పోండి. ప్లగ్ రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, ముఖం పక్కకు పెట్టుకోండి. తుంపర ఆగాక కూడా కొంతసేపు నొక్కండి, ఎందుకంటే క్రాంక్‌కేసులో (క్రాంక్ తిరిగే కింది గదిలో) ఉన్న నీళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టులనే దారుల గుండా పైకి రావాలి. తర్వాత ప్లగ్ రంధ్రంలో ఒకసారి, కార్బొరేటర్ విప్పి మానిఫోల్డ్ వైపు నుంచి ఒకసారి, కొంచెం కొంచెం 2టి ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండే బిగ్ ఎండ్ బేరింగు తుప్పు పట్టకుండా కాపాడేది ఈ ఆయిలే. ఈ ఒక్క పనిని ఆ రోజే చేయాలి. మెకానిక్ ఆదివారం వస్తాడులే అని ఆగకూడదు.

గేరు ఆయిల్ దించండి. పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే నీళ్లు చేరాయని అర్థం. కొత్తది పోసి, బండి స్టార్టయ్యాక కాసేపు నడిపి, మళ్లీ దించి మళ్లీ పోయాలి. ఆయిల్ ఖరీదు చూసి ఒక్కసారితో సరిపెడితే క్లచ్ ప్లేట్లు జారతాయి. కార్బొరేటర్ ఫ్లోట్ బౌల్, పెట్రోల్ ట్యాంకు, 2టి ట్యాంకు మూడూ ఖాళీ చేయాలి. మాగ్నెటో మూత తీసి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. ఆటోల్యూబ్ పంపులో గాలి చేరి ఉంటుంది. ఆ గాలిని బయటికి తీసేసి (బ్లీడ్ చేసి), నమ్మకం కుదిరేదాకా లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల 2టి ఆయిల్ కలిపే నడపండి. పొగ వస్తుంది, రానివ్వండి.

నీళ్లు బురదగా ఉండి, ఇంజన్ రాత్రంతా మునిగి ఉంటే మాత్రం పైన చెప్పింది ప్రథమ చికిత్స వరకే. ఇసుక క్రాంక్ బేరింగుల్లో కూర్చుంటుంది, కేసు తెరిచి కడగాల్సిందే. “స్టార్టయింది కదా అన్నా, ఇంకెందుకు” అనే మెకానిక్ మాట వినొద్దు.

కడగడానికి బోరు నీళ్లు వాడకండి. చెన్నైలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఇక తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క పేటల్లో గాలి కూడా ఉప్పే. మెట్రో వాటర్ (నగర కుళాయి నీళ్లు)తో గానీ, పట్టిపెట్టిన వాన నీళ్లతో గానీ కడిగి, స్పోకులు రిమ్ములో దిగే చోట నూనె గుడ్డతో తుడవండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

కాగితాలు

పాత బండ్లకు చాలామంది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే కడతారు. వరదలో మునిగిన బండికి దానితో ఒక్క రూపాయి రాదు. ఓన్ డ్యామేజ్ కవర్ (మన బండికి జరిగిన నష్టానికీ డబ్బిచ్చేది) ఇచ్చే కంపెనీ దొరుకుతుందేమో సెప్టెంబర్‌లోనే అడిగి చూడండి, తుపాను పేరు పెట్టాక కాదు. 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కాబట్టి ఆ తేదీ కూడా ఇప్పుడే చూసుకోండి. అసలు ఆర్‌సీ పుస్తకాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, జిప్ కవర్లో వేసి, ఇంట్లో పై అరలో పెట్టండి. చాలామంది దాన్ని బండి సైడ్ కవర్ లోపల దాస్తారు. బండి మునిగిన రోజు అదీ మునుగుతుంది.