ఇంటి కరెంటు పని నేర్చుకుందాం – 6వ పాఠం: కరెంటు ఉండగా మల్టీమీటరు పెట్టడం

పోయిన పాఠంలో మెయిన్ ఆపేసి, డీబీ బాక్సు (ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టె) మూత తీసి, అందులో ఏ ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట ఆగిపోయే స్విచ్) ఏ గదికి వెళ్తుందో కాగితం మీద రాసుకున్నాం. ఈసారి మెయిన్ ఆన్‌లో ఉండగా కొలతలు తీయడం నేర్చుకుందాం. ఇంతవరకు పొరపాటు జరిగితే స్క్రూ పాడయ్యేది, వైరు తెగేది. ఇక్కడ జరిగితే ప్రాణమే పోవచ్చు. కాబట్టి పాఠం మొత్తం చదివాకే మల్టీమీటరు (వోల్టులు, ఆంపియర్లు కొలిచే చేతి మీటరు) చేతిలోకి తీసుకోండి.

అసలు ఈ కొలత కరెంటు ఉండగానే తీయాలా అని ముందు ఆలోచించండి. వోల్టేజి చూడాలంటే తప్పదు. వైరు తెగిందా, స్విచ్ కలుస్తోందా అన్నవి మాత్రం మెయిన్ ఆపి, మీటరును కంటిన్యుటీలో (వైరు తెగకుండా కలిసి ఉందో లేదో చూపే సెట్టింగు) పెట్టి చూసుకోవచ్చు. కరెంటు ఉండగా కొలవడం ఒక్కటే మన పని. స్క్రూ బిగించడం, వైరు పక్కకు లాగడం లాంటివి "ఒక్క క్షణమే కదా" అనిపించినా చేయకండి.

మనలో చాలామంది స్క్రూడ్రైవర్ టెస్టర్‌నే నమ్ముకుంటారు. అందులోని చిన్న బల్బు వెలగాలంటే కరెంటు మన ఒంట్లోంచి నేలకు వెళ్లాలి. లోపలి రెసిస్టరు దాన్ని బాగా తగ్గిస్తుంది కాబట్టి మనకు తెలియదు. ఎండిన చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే ఆ వెలుగు మందగిస్తుంది, పగటి వెలుతురులో అసలు కనిపించకపోవచ్చు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగిన చోట, ఆన్‌లో ఉన్న బల్బు గుండా ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) లోని కరెంటు తిరిగొచ్చి న్యూట్రల్ వైరులో కూడా వెలుగుతుంది. టెస్టర్ వెలిగితే కరెంటు ఉందనే అనుకోండి. వెలగలేదని మాత్రం వైరు ముట్టుకోకండి.

మల్టీమీటరు కొనేటప్పుడు దాని మీద ముద్రించిన క్యాట్ (CAT) అంకె చూడండి, ఎలాంటి చోట దాన్ని వాడటం సురక్షితమో అది చెబుతుంది. ఇంట్లో సాకెట్ల దగ్గరికి క్యాట్ 2, డీబీ బాక్సు దగ్గరికి క్యాట్ 3 కావాలి. క్యాట్ 3, 600 వోల్టులది తీసుకుంటే రెండు చోట్లా పనికొస్తుంది. ప్రోబ్ (మీటరు నుంచి వచ్చి, మొనను కొలిచే చోట ఆనించే పుల్ల) వైర్ల మీద కూడా అదే రేటింగ్ ఉండాలి. పైతొడుగు పగిలిన ప్రోబ్‌కు టేపు చుట్టి వాడొద్దు, మార్చేయండి.

మీటరు వాడకంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. 10 ఆంపియర్ల రంధ్రంలో ఎర్ర ప్రోబ్ వైరు ఉండగానే వోల్టేజి చూడబోవడం. ఆంపియర్లు కొలిచేటప్పుడు మీటరు లోపల అడ్డు దాదాపు ఉండదు. అంటే ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ చేత్తో షార్ట్ చేసినట్టే. మీటరులో మంచి ఫ్యూజు లేకపోతే అది చేతిలోనే పేలుతుంది. అందుకే ప్రతిసారీ ప్రోబ్ ఏ రంధ్రంలో ఉంది, డయల్ ఏసీ వోల్టుల మీద ఉందా, రేంజ్ సరిపోతుందా అన్నవి చూశాకే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు కొలుద్దాం. పని చేస్తోందని తెలిసిన సాకెట్‌లో మొదట మీటరు పెట్టండి. 230కి అటూఇటూ చూపించాలి. తర్వాత పరీక్షించాల్సిన చోట పెట్టండి. అక్కడ సున్నా వచ్చినా, మళ్లీ మొదటి సాకెట్‌కు వెళ్లి మీటరు ఇంకా సరిగ్గా చూపిస్తోందో లేదో చూడండి. మధ్యలో ప్రోబ్ వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా ఆ సున్నా అబద్ధం అవుతుంది. ఈ మూడో అడుగును చాలామంది వదిలేస్తారు, మీరు వదలొద్దు.

నల్ల ప్రోబ్‌ను ముందు న్యూట్రల్‌కు పెట్టి, ఎర్రది తర్వాత ఫేజ్‌కు ఆనించండి. తీసేటప్పుడు ఎర్రదే ముందు తీయాలి. నల్లదానికి క్లిప్పు ఉంటే ఒక చేత్తోనే పని అవుతుంది, రెండో చెయ్యి గోడకో బాక్సుకో తగలకుండా దూరంగా ఉంచుకోవచ్చు. రెండు చేతుల మధ్య కరెంటు పారితే గుండె మీదుగానే పోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తే లైన్ ఆపేసే స్విచ్) ఉందన్న ధైర్యం కూడా వద్దు. ఒక చెయ్యి ఫేజ్‌కూ ఇంకో చెయ్యి న్యూట్రల్‌కూ తగిలితే, వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగొస్తుంది కాబట్టి అది లైన్ ఆపకపోవచ్చు.

ఫేజ్-న్యూట్రల్ మధ్య 230, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య సున్నా లేదా రెండు మూడు వోల్టులు వస్తే సరే. ఫేజ్-ఎర్త్ సరిగ్గా ఉండి ఫేజ్-న్యూట్రల్‌లో ఏమీ రాకపోతే న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఎక్కడా కలపని వైరులో 40, 60 వోల్టులు కనిపిస్తే, పక్క వైరు ప్రభావం కావచ్చు. అయినా దాన్ని లైవ్‌గానే (కరెంటు ఉన్నట్టే) చూసుకోండి.

ఇక మన ఇళ్లలో ఎక్కువగా మోసం చేసేది ఇన్వర్టరు. ఫ్యాను, లైటు దాని లైన్ మీద, పక్కనే ఉన్న సాకెట్ మెయిన్ లైన్ మీద, రెండూ ఒకే స్విచ్‌బోర్డులో ఉంటాయి. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టరు అందుకుంటుంది. అప్పుడు ఆ బోర్డులో సగం వైర్లు బతికే ఉంటాయి. ఇన్వర్టరు స్విచ్ ఒక్కటే ఆపినా లాభం లేదు, చాలా ఇన్వర్టర్లు మెయిన్ కరెంటును అలాగే దాటిస్తాయి. రెండూ ఆపి, ప్రతి వైరునూ విడిగా పరీక్షించాలి. ఇంటి మీద సోలార్ ఉంటే, పగలు ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైర్లు మెయిన్ ఆపినా లైవ్‌గానే ఉంటాయి. వాటి జోలికి ఈ దశలో వెళ్లొద్దు.

యూనిట్లు లెక్కించే కరెంటు మీటరుకు ముందున్న సర్వీసు వైరు, సీలు డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) వాళ్లవి. అక్కడ తేడా కనిపిస్తే 1912కు ఫోన్ చేయండి. త్రీఫేజ్ ఉన్న ఇంట్లో రెండు ఫేజ్‌ల మధ్య 415 వోల్టుల దాకా ఉంటుంది. దాన్ని వేరే పాఠంలో చూద్దాం.

ఈ వారం పని: పక్కన ఒకరిని నిలబెట్టుకుని, మెయిన్ ఎక్కడుందో, షాక్ కొడితే మిమ్మల్ని చేత్తో పట్టుకోకుండా ముందు దాన్ని ఆపాలని వాళ్లకు చెప్పండి. తర్వాత బోర్డు విప్పకుండా, ఇంట్లో ఒక్క త్రీపిన్ సాకెట్‌కు పైన చెప్పిన మూడు కొలతలు తీసి, తేదీతో రాసుకోండి. 7వ పాఠంలో ఎర్తింగ్ పరీక్షకు ఆ కాగితం కావాలి.