బెణికిన కాలికి మర్దన: ఎప్పుడు, ఎలా, ఎక్కడ చెయ్యి వేయకూడదు

మా బరంపురం, పర్లాకిమిడి పక్క ఎవరికైనా కాలు మడత పడిందంటే ముందు పొయ్యి మీదికి ఆవనూనె గిన్నె ఎక్కుతుంది. అందులో వెల్లుల్లి రెబ్బలు, కాస్త వాము వేసి మరగబెట్టి, ఇంట్లో చెయ్యి బలం ఉన్నవాళ్ళని పిలిచి, సరిగ్గా వాచిన చోటే గట్టిగా మాలిష్ చేయిస్తారు. ప్రేమతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ మొదటి రెండు మూడు రోజుల్లో ఆ రుద్దుడే దెబ్బను పెద్దది చేస్తుంది. నేను మర్దన వద్దని చెప్పడం లేదు, నేను చేసే పనే అది. ఎప్పుడు మొదలెట్టాలో, ఎటు నుంచి ఎటు రుద్దాలో, ఎక్కడ అసలు చెయ్యి పెట్టకూడదో తెలిస్తే ఇంట్లోనే చాలావరకు మీరే చేసుకోవచ్చు.

ముందు ఎముక సంగతి తేల్చుకోండి. దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత ఆస్పత్రిలో కూడా, రెండుసార్లూ కుంటుతూ అయినా సరే నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. చీలమండ దగ్గర లోపలా బయటా పొడుచుకొచ్చినట్టు ఉండే ఎముకల చివర గానీ, వాటి వెనక అంచు మీద 6 సెంటీమీటర్ల మేర గానీ వేలితో నొక్కితే ఎముక మీద నొప్పి వచ్చినా అంతే. పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముకను, పాదం లోపలి వైపు మధ్యలో ఉండే ఎముకను కూడా నొక్కి చూడాలి. ఇవి 1992లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు పెట్టిన గుర్తులు, ఇప్పటికీ ప్రపంచమంతా ఎమర్జెన్సీ వార్డుల్లో వాడుతున్నారు. చిన్నపిల్లలకు మాత్రం వీటి మీద ఆధారపడకండి, వాళ్ళు నొప్పి ఎక్కడో సరిగా చెప్పలేరు, డాక్టరుకే చూపించండి. ఎక్స్‌రే ఖర్చని వెనకాడి, విరిగిన ఎముక మీద పది రోజులు నూనె రాసి వచ్చేవాళ్ళని చూస్తుంటే బాధేస్తుంది.

ఎముక బాగానే ఉంది, బెణుకే అని తేలిందా? మొదటి 48 నుంచి 72 గంటలు దెబ్బ తగిలిన చోట మర్దన వద్దు, వేడి కాపడం వద్దు, సారా, బ్రాందీ లాంటివి తాగడం వద్దు. లోపల చిన్న చిన్న రక్తనాళాలు తెగి ఉంటాయి, రుద్దితే, వేడి పెడితే ఇంకా రక్తం ఊరుతుంది, వాపు పెరుగుతుంది. మోకాలి కింది నుంచి పాదం దాకా తలగడల మీద పెట్టి, గుండె కంటే ఎత్తులో ఉంచండి. క్రేప్ బ్యాండేజీ వేళ్ళ దగ్గర మొదలెట్టి పైకి చుట్టండి, వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయండి. ఐస్ పెట్టుకోవాలంటే గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు చాలు, అది నొప్పి తగ్గడానికే. ఐస్, విశ్రాంతి, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో చెప్పిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కినే 2014లో మాట మార్చుకున్నాడు, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని. అందుకే గంటల తరబడి ఐస్‌లో కాలు పెట్టి కూర్చోకండి, మంచం మీదే పడి ఉండకండి. వేళ్ళు కదుపుతూ ఉండండి.

మూడో రోజో నాలుగో రోజో వాపు పెరగడం ఆగిందనిపిస్తే అప్పుడు చెయ్యి వేయొచ్చు. అప్పుడు కూడా వాచిన చోట కాదు, దానికి పైన. పడుకుని కాలు ఎత్తులో పెట్టుకుని, అరచేతికి కొంచెం నువ్వుల నూనో కొబ్బరి నూనో రాసుకుని, ముందు మోకాలి దగ్గర, తర్వాత పిక్క పైభాగం, తర్వాత పిక్క కిందిభాగం, ఇలా దిగుతూ రండి. కానీ ప్రతి తోపూ కింది నుంచి పైకే, అంటే గుండె వైపే వెళ్ళాలి. పైన దారి ఖాళీ అయితేనే కింది నీరు ఎక్కుతుంది. ఒత్తిడి ఎంత అంటే, మీ కనురెప్ప మీద వేలు పెట్టి నిమిరితే బాధ కలగనంత. అయిదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఇది చూసి "ఇదేం మాలిష్, ఒంటికి తగలనే లేదు" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. తగలక్కర్లేదు. వాపు నీరు ఉండేది చర్మం కిందే, గట్టిగా నొక్కితే అది కదిలే సన్నటి దారులు మూసుకుపోతాయి.

వారం, పది రోజులకి వాపు బాగా తగ్గి, మెల్లగా నడవగలుగుతున్నప్పుడు ఒత్తిడి పెంచండి. పిక్కని రెండు చేతులతో పట్టుకుని చపాతీ పిండి పిసికినట్టు ఎత్తి, నొక్కి, వదలండి. కుంటుతూ నడిచినన్నాళ్ళూ పిక్క బిగుసుకుపోయి ఉంటుంది, అది వదిలితే నడకే మారిపోతుంది. నొప్పి పదికి మూడు, నాలుగు దాటకూడదు. మర్దన పొందేవాళ్ళు పళ్ళు బిగబట్టి ఊపిరి ఆపుకుంటున్నారంటే కండరం కూడా బిగుసుకుంటోందని అర్థం, అక్కడ చెయ్యి తేలిక చేయాలి.

ఈ దశలోనే బెణికిన లిగమెంట్ మీద, అంటే ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునే గట్టి నార మీద, పని మొదలవుతుంది. చాలామందికి బయటి చీలమండ ఎముకకు కొంచెం ముందు, కొంచెం కింద నొక్కితే ఆ చోటు దొరుకుతుంది. ఇక్కడ నూనె వద్దు, చర్మం పొడిగా ఉండాలి. వేలు చర్మం మీద జారకూడదు, వేలూ చర్మమూ కలిసి కదలాలి. చూపుడువేలి మీద నడిమి వేలు ఎక్కించి, లిగమెంట్ పోగు ఎటు పోతుందో దానికి అడ్డంగా, చిన్నగా ముందుకీ వెనక్కీ రుద్దండి. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఇంగ్లండ్ డాక్టరు జేమ్స్ సిరియాక్స్. మొదట ఒకటి రెండు నిమిషాలు, తర్వాత అయిదారు నిమిషాలు, రోజు విడిచి రోజు చాలు. మొదట్లో ఉన్న నొప్పి రెండు నిమిషాల్లో మొద్దుబారితే సరిగా చేస్తున్నట్టు, పెరుగుతూ పోతే ఆపేయండి. ఇలా రుద్దితే లోపలి మచ్చ పగిలిపోతుందని కొందరు చెప్తారు, అలా ఏమీ పగలదు. నొప్పి తగ్గుతుంది, ఆ తగ్గిన కాసేపట్లో కాలు కదపగలుగుతారు, అసలు లాభం అదే.

అందుకని మర్దన అయిన వెంటనే లేచి వెళ్ళిపోకండి. కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి, తెలుగు రాసినా ఒడియా రాసినా రెండూ గుండ్రని లిపులే, చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. తుండుగుడ్డ పాదానికి వేసి మీ వైపు లాగండి. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించండి. చివరగా పళ్ళు తోముకునేటప్పుడు ఆ కాలి మీదే 30 సెకన్లు నిలబడండి, పక్కన గోడ ఉండేలా చూసుకుని. బెణుకు మానినా చీలమండకి తన స్థానం తెలిసే గుణం తగ్గిపోతుంది, అదే కాలు మళ్ళీ మళ్ళీ మడతపడేది అందుకే. ఎంత మంచి చెయ్యి రుద్దినా ఈ గుణం తిరిగి రాదు, నిలబడి సాధన చేస్తేనే వస్తుంది. పొలం గట్ల మీద నడిచేవాళ్ళు, గోపాలపూర్ దగ్గర ఇసుకలో వలలు లాగేవాళ్ళు దీన్ని అసలు వదలకూడదు.

ఇక మోచెయ్యి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. జామచెట్టు మీంచో మెట్ల మీంచో పడి పిల్లల మోచెయ్యి వాచిపోయి వస్తే, దయచేసి ఆ మోచేతికి మర్దన చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. దెబ్బ తిన్న మోచేతిని రుద్దినా, బలవంతంగా వంచి లాగినా చుట్టూ ఉన్న కండరంలో కొత్తగా ఎముక పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్లు మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. ఆ తర్వాత చెయ్యి వంగదు, చాపలేరు. కర్రబద్దలు పెట్టి బిగించి కట్టే కట్టు ఇంకా ప్రమాదం. లోపల వాపు పెరిగి, బయట కట్టు బిగిసి, రక్తం అందక ముంజేయి కండరాలు చచ్చిపోతే వేళ్ళు పక్షి గోళ్ళలా ముడుచుకుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతాయి. పిల్ల వేళ్ళని మెల్లగా చాపితే కెవ్వుమందా, వేళ్ళు పాలిపోయాయా, చల్లబడ్డాయా, ఆ రాత్రే బయల్దేరండి, తెల్లారేదాకా ఆగకండి. ప్లాస్టర్ తీశాక కూడా మోచేతికి మర్దన లేదు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఆడుకుంటూ కదిపితే చాలు.

కబడ్డీలో మోకాలు తగిలి తొడ కమిలిపోయినప్పుడూ కండరంలో ఎముక పుట్టుకొస్తుందనే ఇదే భయం. కొన్ని వారాల పాటు తొడని లోతుగా పిసకొద్దు.

మణికట్టు విరిగి ప్లాస్టర్ తీసిన పెద్దవాళ్ళ సంగతి వేరు, అక్కడ మర్దన నిజంగా ఊరటనిస్తుంది, డాక్టరు ఎముక అతుక్కుందని చెప్పాక. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు చెయ్యి పెట్టించి, తుడిచి, నూనె రాసి, వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా నిమరండి. అరచేతి గుంటలో బొటనవేళ్ళతో చిన్న చిన్న వలయాలు తిప్పండి. తర్వాత పిడికిలి బిగించి తెరవమనండి, మీరు వంచొద్దు, వాళ్ళనే వంచుకోనివ్వండి. చెయ్యి నిగనిగలాడుతూ, రంగు మారుతూ, తాకితేనే మండుతోందంటే అది మామూలు బిగుసుకుపోవడం కాదు, డాక్టరుకి చెప్పాలి. ఆపరేషన్ కుట్ల మచ్చకైతే కుట్లు తీసి, పొక్కులన్నీ రాలి, చర్మం పూర్తిగా మూసుకున్నాక, సుమారు రెండు మూడు వారాలకి, రోజుకు రెండు మూడుసార్లు అయిదు నిమిషాల చొప్పున అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా రుద్దొచ్చు. మచ్చ తెరుచుకున్నా ఎర్రబడినా ఆపేయాలి.

కాలికి ప్లాస్టర్ వేసుకునో మంచం పట్టో ఉన్నవాళ్ళకి ఒక పక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి వస్తుంటే అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం తీయొచ్చు. ఆ కాలిని ముట్టుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు, షుగరుతో పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళు, సిరలు ఉబ్బినవాళ్ళు డాక్టర్ని అడగకుండా గట్టి మర్దన చేయించుకోవద్దు. మన గంజాం, శ్రీకాకుళం తీరంలో బోదకాలు ఉన్నవాళ్ళూ చాలామందే, ఆ కాలు బెణికితే మామూలు మాలిష్ పనికిరాదు. నడుం పట్టేసిందని మర్దనకి వచ్చేవాళ్ళలో కాలు బలం తగ్గుతున్నా, మూత్రం మీద పట్టు పోతున్నా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

రెండు వారాలైనా కాలు మోపలేకపోతుంటే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, పెద్ద సమస్య అయితే కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. గుణుపూర్, రాయగడ నుంచి వచ్చేవాళ్ళు రెండోసారి రావడం కష్టం కాబట్టి పాత ఎక్స్‌రే ఫిల్ములు, వాడుతున్న మాత్రల చీటీ, దెబ్బ తగిలిన తేదీ, ఇంటి దగ్గర ఎవరైనా రుద్దారా, ఎన్ని రోజులు రుద్దారు, ఇవన్నీ వెంట తీసుకెళ్ళండి. రుద్దించామని చెప్తే తిడతారేమోనని దాచొద్దు, అది తెలిస్తేనే వాపు దెబ్బదా, మర్దనదా అనేది చూసేవాళ్ళకి అర్థమవుతుంది.