మే ఎండలో పెద్దవాళ్లను బయటికి తీసుకెళ్లే ముందు

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 60 దాటినవాళ్లతో పనుంటే పొద్దున్నే ముగించుకోండి. ఒంటి వేడి తగ్గించడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి, అదే దానికి పెద్ద శ్రమ. వయసుతో దాహమూ తగ్గుతుంది, అడగకపోయినా నీళ్లివ్వండి.

మందులు చూసుకోండి, ఇదే చాలామంది మర్చిపోయేది. నీరు తీసే మాత్రలతో ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. బీపీ, గుండె జబ్బులకు వాడే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు, దాంతో చర్మం వైపు రక్తం పంపడం కష్టమవుతుంది. అలాగని సొంతంగా ఆపేయకండి, ముందే డాక్టర్‌ని అడగండి. నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకు ఓఆర్‌ఎస్ కూడా అడిగాకే, అందులో ఉప్పుంటుంది.

గొడుగు, నూలు బట్టలు సరే.

ఛాతీ పట్టేసినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.