డబ్బా టీవీలో డిజిటల్ ప్రసారాలు రావాలంటే ఏం చేయాలి?

హైదరాబాద్, విశాఖల్లో బాక్సు లేని పాత (అనలాగ్) కేబుల్ పద్ధతికి గడువు 2013 మార్చి 31తోనే ముగిసింది. పల్లెలకు 2017 మార్చి 31 దాకా ఇచ్చారు. అయినా అటక మీది డబ్బా టీవీని దించి, ఊళ్లో అమ్మానాన్నలకు పెట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త టీవీ కొనాలేమోనని టెన్షన్ పడకండి. సెట్‌టాప్ బాక్సు ఒక్కటి సరిగ్గా ఎంచుకుంటే చాలు.

1. షాపుకు వెళ్లేముందు టీవీ వెనక దుమ్ము తుడిచి, టార్చి వేసి చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో గుండ్రటి రంధ్రాలుంటే బాక్సుతో వచ్చే ఆడియో-వీడియో (AV) వైరు సరిపోతుంది. పసుపు బొమ్మకి, మిగతావి సౌండుకి. ఎరుపు లేకపోతే తెలుపు ఒక్కటి గుచ్చినా మాట వినిపిస్తుంది. యాంటెన్నా రంధ్రం తప్ప ఏదీ లేని మరీ పాత టీవీ అయితే బాక్సు సిగ్నల్‌ని ఆ రంధ్రం గుండా పంపే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ కూడా కొనాలి. ఫొటో తీసుకెళ్లి షాపులో చూపిస్తే తేలిక.

2. ఇంట్లో ఎవరేం చూస్తారో అడగండి. పే ఛానెళ్ల సీరియళ్లు లేనిదే పొద్దుపోదంటే కేబుల్ బాక్సో డీటీహెచ్చో తప్పదు. నెల బిల్లులో ఛానెళ్ల ధరతో పాటు నెట్‌వర్క్ చార్జీ, 18 శాతం జీఎస్టీ ఉంటాయి. ఏజెంటు చెప్పిన ప్యాకే తీసుకోనక్కర్లేదు, ఛానెళ్లు విడివిడిగా ఎంచుకోవచ్చు. దూరదర్శన్, ఉచిత ఛానెళ్లు చాలనుకుంటే డీడీ ఫ్రీ డిష్ పెట్టించండి. నెలనెలా కట్టేదేమీ లేదు, దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి. ఎంపెగ్-4 అనే కొత్త రకం బాక్సే అడగండి, పాత రకంలో (ఎంపెగ్-2) ఛానెళ్లు తక్కువ.

3. ఫ్రీ డిష్ అయితే మేడెక్కి ఆగ్నేయం వైపు అడ్డేమైనా ఉందేమో చూడండి. వాస్తు ప్రకారం వంటిల్లు పెట్టే మూలే. ఆ ఛానెళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15 తూర్పు 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మన రాష్ట్రాల నుంచి డిష్ అటే తిరగాలి. మేం బిగించినప్పుడు పక్కింటి కొబ్బరిమొక్క నడుమెత్తు కూడా లేదు. నాలుగేళ్లకు దాని మట్టలు ఊగినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగేది. డిష్‌ని ఇంకో మూలకి మార్చాల్సి వచ్చింది.

4. యాంటెన్నా రోజుల్లో ఒకరు మేడ మీద నుంచి "వచ్చిందా?" అంటే, కిందివాళ్లు "ఇంకా చుక్కలే!" అని అరిచేవారు. ఇప్పుడు ఆ చుక్కలుండవు. డిష్ దారిలో పడేదాకా తెర మీద ఏమీ రాదు. అందుకే బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరిచి పెట్టుకోండి. అక్కడ స్ట్రెంత్ చూసి మోసపోవద్దు. డిష్ ఎటున్నా అది కొంత చూపిస్తూనే ఉంటుంది. చూడాల్సింది క్వాలిటీ. అది పెరిగేదాకా డిష్‌ని కొద్దికొద్దిగా తిప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ తిప్పండి.

5. బోల్టులు బిగించాక గొట్టం మీద, క్లాంపు మీద కలిసేలా మార్కరుతో ఒక గీత గీయండి. గాలివానకు డిష్ తిరిగిపోతే ఆ గీతలు కలిపి బిగిస్తే సరి, మెకానిక్ ఎప్పుడొస్తాడా అని చూడక్కర్లేదు.