"అన్న చూసుకుంటాడులే": క్రిప్టో కొనేవాళ్లకు జాగ్రత్తలు

2025 డిసెంబర్‌లో న్యూయార్క్ కోర్టు టెర్రా అనే క్రిప్టో ప్రాజెక్టు ఫౌండర్ డో క్వాన్‌కి 15 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఆ వార్తని మా పాత టెలిగ్రామ్ గ్రూప్‌లో ఎవరో పెట్టారు. కింద మొదటి కామెంట్ ఇది: "బయటికొచ్చాక కొత్త కాయిన్ తెస్తాడు చూడండి." జోకనుకున్నాను. కాదట. అందుకే ఇది రాస్తున్నాను.

సీడ్ ఫ్రేజ్ (క్రిప్టో వాలెట్ తెరిచే రహస్య పదాలు) ఎవరికీ చెప్పొద్దు, అప్పు చేసి కొనొద్దు... ఇవన్నీ మీరు వందసార్లు విన్నారు, వదిలేస్తున్నా. నేను చూసినంతలో మనవాళ్ల కొంప ముంచిన మాట ఒక్కటే. "అన్న ఏదో ఒకటి చేస్తాడులే." అన్నంటే ఆ కాయిన్ ఫౌండరే.

ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు ఫ్లాట్ కోసం దాచిన డబ్బు టెర్రా వాళ్ల యూఎస్‌టీ అనే కాయిన్‌లో పెట్టాడు. కాయిన్ ఎప్పుడూ ఒక డాలరే ఉంటుందని, ఏడాదికి దాదాపు 20 శాతం వడ్డీ వస్తుందని చెప్పారు. 2022 మే రెండో వారంలో అది జారడం మొదలైంది. మరింత డబ్బు దింపుతున్నాం, నిబ్బరంగా ఉండండి అన్నట్టు డో క్వాన్ ట్వీట్ పెట్టాడు. మరునాడు కాయిన్ 90 సెంట్ల దాకా లేచింది. అప్పుడు అమ్మి ఉంటే వందకి పది పోయేవి, అంతే. "చూశావా, అన్న చూసుకుంటున్నాడు" అని మావాడు ఆగిపోయాడు. ఇంకో రోజుకి 30 సెంట్లు.

వాడు తెలివితక్కువవాడేం కాదు. ఏడాది ముందు, 2021 మేలో కూడా అది ఇలాగే జారి, మళ్లీ డాలర్‌కి వచ్చింది. కాయిన్‌ని డాలర్ దగ్గర నిలబెట్టే ప్రోగ్రామ్ (అల్గారిదమ్) దానంతటదే సర్దిందని కంపెనీ చెప్పుకుంది. ఒక ట్రేడింగ్ సంస్థ చాటుగా కొని నిలబెట్టిందని తర్వాత కేసుల్లో బయటపడింది. అంటే అన్న నిజంగానే "ఏదో ఒకటి" చేశాడు. మనకు చెప్పలేదు, అంతే.

కొనేముందు

ఫౌండర్ రేపు లేకపోతే ఏం ఆగిపోతుందో చూడండి. 2011లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి మాయమయ్యాడు, అది నడుస్తూనే ఉంది. 2017 జూన్‌లో ఎథీరియం ఫౌండర్ విటాలిక్ బుటెరిన్ చనిపోయాడని ఒక పుకారు లేస్తే దాని విలువలో దాదాపు 400 కోట్ల డాలర్లు ఎగిరిపోయాయి. పాపం, బతికే ఉన్నానని చూపించడానికి ఆయన ఎథీరియం లెక్కల పుస్తకంలో (బ్లాక్‌చెయిన్‌లో) అప్పుడే చేరిన బ్లాక్ నంబర్ కాగితం మీద రాసి పట్టుకుని ఫొటో దిగాల్సి వచ్చింది.

ప్రాజెక్టు ట్రెజరీలో (ఖజానాలో) డాలర్లున్నాయా, వాళ్లే పుట్టించిన సొంత టోకెన్లేనా అని చూడండి. సొంత టోకెన్లయితే, అవసరం పడిన రోజున వాటికి విలువ ఉండదు.

ఫౌండర్ వాటా ఎప్పుడు అన్‌లాక్ అవుతుందో, అంటే అమ్ముకునే వీలు ఎప్పుడొస్తుందో, క్యాలెండర్‌లో రాసుకోండి. అతను అమ్ముకుంటే అది ద్రోహం కాదు, అతని జీతం. 2017 డిసెంబర్‌లో లైట్‌కాయిన్ ఫౌండర్ చార్లీ లీ తన కాయిన్లు అమ్మగా మిగిలినవి దానం చేశానని ప్రకటిస్తే ఎంతమంది తిట్టారో. అమ్మనని ఆయన మాటిచ్చాడా?

కొన్నాక

ఫౌండర్ కంటే ముందు పరిగెత్తకండి. 2020 సెప్టెంబర్‌లో, ఫౌండర్‌గా అప్పటికే పేరున్న ఆండ్రే క్రోన్యే ఎమినెన్స్ అనే ప్రాజెక్టు కోడ్‌ని, ఇంకా పూర్తికాకుండానే, బ్లాక్‌చెయిన్ మీద పెట్టి పడుకున్నాడు. కొనమని ఎవరినీ పిలవలేదు. ఆయన చేయిపెట్టాడంటే బంగారమే అని జనం గంటల్లో కోటిన్నర డాలర్లు పోశారు. తెల్లారేలోపు హ్యాకర్ ఊడ్చేశాడు. అందులో 80 లక్షల డాలర్లు ఎందుకో తిరిగి పంపాడు కూడా. బెదిరింపులు మాత్రం ఆండ్రేకి వచ్చాయి. 2022లో ఆయన ఈ రంగమే వదిలి వెళ్లిపోయాడు, కొన్నాళ్లకి మళ్లీ వచ్చాడనుకోండి. ఒక మనిషిని దేవుణ్ణి చేసి కోరికలు కోరితే, అతను పారిపోతాడు, లేదా అబద్ధాలాడతాడు. రెండిట్లోనూ పోయేది మీ డబ్బే.

ఇంక వరసగా చెప్పేస్తాను.

"లిస్టింగ్ ఎప్పుడన్నా?" అని, అంటే కాయిన్ ఎక్స్‌ఛేంజ్‌లోకి ఎప్పుడొస్తుందని, రోజూ అడగొద్దు. ఆ ఒత్తిడికే చేతకాని తేదీలు ప్రకటిస్తారు.

ధర పెంచడం ఫౌండర్ పని కాదు. కోడ్ రాయించడమే అతని పని. వారానికోసారి ఆ కోడ్ ఉండే సైటు గిట్‌హబ్ చూడండి, ట్విట్టర్ కాదు.

ఫౌండర్ ఫొటోని డీపీగా పెట్టుకున్నవాడి సలహా వినొద్దు.

ప్రశ్న అడిగినవాళ్లని గ్రూప్ నుంచి తీసేస్తున్నారా? ఆ రోజే సగం అమ్మండి.

ఫౌండర్ పేరుతో "రీఫండ్" మెసేజ్ వస్తే తెరవొద్దు.

నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోవచ్చనుకోవద్దు. మన దేశంలో లాభం మీద 30 శాతం పన్ను కట్టాల్సిందే, నష్టం ఎందులోనూ తీసేయనివ్వరు.

"అంతా బాగానే ఉంది" అని ఫౌండర్ తనంతట తానే ప్రకటించాడా? ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్‌ఛేంజ్‌లో ఆస్తులు భద్రమని 2022 నవంబర్ 7న దాని ఫౌండర్ ట్వీట్ పెట్టాడు. 11న దివాలా పిటిషన్ పడింది.

పడుతున్నప్పుడు లైవ్‌లో ఏం చెబుతాడోనని కూర్చోవద్దు. అన్న ఏదో ఒకటి చేస్తాడులే అని మళ్లీ అనిపిస్తుంది. అనిపించినప్పుడే అమ్మండి.

ఎంతకి పడితే అమ్ముతారో ఈ రాత్రే కాగితం మీద రాయండి. రాసినది ఇంట్లోవాళ్లకి ఇవ్వండి. ఆ అంకె వచ్చిన రోజున గ్రూప్‌లో ఎవర్నీ అడగొద్దు.