ఇన్సులిన్ సూది వేసే ముందు చూసుకోవాల్సినవి

• చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. వేలికి మామిడిపండు రసం అంటి ఉన్నా మీటర్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు పెంచితే షుగర్ పడిపోతుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ.

• రీడింగ్ 70 కంటే తక్కువుంటే సూది పక్కన పెట్టండి. ముందు 3 టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ చాలు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు సిరంజి దగ్గరే జరుగుతుంది. మన దగ్గర సీసాలు ఎక్కువగా మి.లీ.కు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. ఇన్సులిన్ పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది మి.లీ.కు 100 యూనిట్ల మందు. దాన్ని ఎర్ర మూత సిరంజిలోకి లాగితే 10 గీతకు 25 యూనిట్లు వెళ్తాయి! సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చదవండి.

• పాలలా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించండి, కుదపకండి. తేటగా ఉండాల్సింది మసకబారితే పారేయండి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. చాలా రకాలకు గడువు 28 రోజులే.

• పెన్ను అయితే ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి చుక్క వస్తోందో లేదో చూడాలి.

• చర్మం గడ్డకట్టిన చోట సూది వేయొద్దు, మందు సరిగా ఎక్కదు.

• వాంతులవుతున్నాయని, తినలేదని బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) ఆపకండి. షుగర్ 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసి డాక్టరుకు ఫోన్ చేయండి.