ఫ్రాన్స్‌లో ప్రాంతీయ రుచులు: కుటుంబంతో వెళ్ళేవారికి

ఫ్రాన్స్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో ప్రత్యేకమైన తీపి ఉంది కనుక, అన్నిటినీ పారిస్‌లోనే రుచి చూడాలనుకోకుండా, వీలైనంతవరకు వాటి సొంత ఊళ్ళలోనే తినేలా ప్రయాణాన్ని అమర్చుకోండి. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతానికి చెందిన దువార్నెనే పట్టణంలో పుట్టిన క్విన్ అమన్‌ను బ్రెడ్డు పిండి మడతల మధ్య వెన్న, పంచదార దండిగా వేసి కాలుస్తారు. పైన పంచదార పాకమై గట్టిపడుతుంది కాబట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడే తినాలి. చాలా బరువైన తీపి, నలుగురికి ఒక్కటి చాలు. బోర్దో నగరంలో దొరికే కనెలే అనే చిన్న కేకు పైన ముదురు గోధుమరంగులో కరకరలాడుతూ, లోపల మెత్తగా, వనిల్లా వాసనతో ఉంటుంది. మరునాటికి పైపొర మెత్తబడుతుంది కనుక కొన్ననాడే తినేయండి. అందులో రమ్ము కలుపుతారని మద్యం ముట్టనివారు గుర్తుంచుకోవాలి.

భోజనానికి వేళ ముఖ్యం. చాలా రెస్టారెంట్లు మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు వడ్డించి, మళ్ళీ సాయంత్రం 7 దాటాకే వంటగది తెరుస్తాయి. పిల్లలున్నవారు మధ్యాహ్నమే ప్రధాన భోజనం చేయడం మేలని నా అభిప్రాయం, పైగా అప్పుడు దొరికే నిర్ణీత ధర భోజనం చౌక. 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇస్తారు. సర్వీసు రుసుము బిల్లులోనే కలిసి ఉంటుంది.

శాకాహారులకు బ్రిటనీలో క్రెపరీలనే అట్ల హోటళ్ళు అనుకూలం: గుడ్డు తినేవారు గుడ్డు, చీజ్ వేసిన గలెత్ అనే పలుచని అట్టును, పంది మాంసం వేయవద్దని ముందే చెప్పి తెప్పించుకోవచ్చు.